దేవదాసు చిత్రమును తెలుగు ప్రేక్షకుడు స్వీకరించిన తీరు

ప్రాచీన కావ్యమును ఆనాటివారు ఎట్లు చదివిరో తెలిసికొనుటకు మనకు కొన్ని ఆధారములు గలవు. వ్యాఖ్యాత వ్రాసిన టీక, లాక్షణికుడు ఉదాహరించిన పద్యము, లేఖకుడు తాళపత్రమున చేర్చిన పాఠాంతరము, చాటువుగా లోకమున తిరిగిన పలుకు - ఇవన్నియు ఒకనాటి రసికుని చేతి గుర్తులే. చలనచిత్ర ప్రేక్షకుడు ఇట్టి గుర్తును సాధారణముగా విడువడు. టిక్కెట్టు కొని లోపలికి పోవును, చీకటిలో కూర్చుండును, నవ్వును, ఏడ్చును, ఇంటికి పోవును. పత్రికలోని సమీక్ష సమీక్షకుని అభిప్రాయము. వసూళ్ల లెక్క వర్తకుని అభిప్రాయము. ఈ రెంటికిని వెలుపలనున్న వేలాది జనులు ఏమనుకొనిరో చెప్పబూనిన చరిత్రకారుడు చాల తఱచుగా తన అభిప్రాయమునే వారి నోట పలికించుచుండును.

ఐనను ఒక చిత్రము విషయమున ఈ కొఱత కొంతవఱకు తీరుచున్నది. 1953లో వెలువడిన 'దేవదాసు'ను చూచినవారు తమ తీర్పును వ్యాసములలో వ్రాయలేదు గాని, తాము మాటలాడు భాషలో నిలిపి పోయిరి. ఆ తీర్పును చదువుటయే ఈ వ్యాసమున మా ప్రయత్నము. ఈ చిత్రమును గూర్చి రెండు వాదములు వ్యాప్తిలో నున్నవి. ఒకటి, తెలుగు ప్రేక్షకుడు ఒక త్రాగుబోతును ఆదర్శ ప్రేమికునిగా నెత్తికెత్తుకొనెనని. రెండవది, అతడు కేవలము జాలిపడి కన్నీరు కార్చెనని. మొదటిది నీతివాదుల మాట, రెండవది అభిమానుల మాట. ప్రేక్షకుల పలుకుబడిని పరిశీలించినచో ఈ రెండును నిలువవని మాకు తోచుచున్నది.

చిత్రమును గూర్చి తెలిసిన విషయములను ముందు చెప్పికొందము. వినోదా సంస్థ పక్షమున డి. ఎల్. నారాయణ నిర్మింపగా వేదాంతం రాఘవయ్య దర్శకత్వము వహించిన ఈ చిత్రము 1953 జూన్ 26న విడుదలయ్యెను. దర్శకుడు కూచిపూడి నాట్యమున ఆరితేరినవాడు. దేవదాసుగా అక్కినేని నాగేశ్వరరావు, పార్వతిగా సావిత్రి, చంద్రముఖిగా లలిత నటించిరి. సంగీత దర్శకుడు సి. ఆర్. సుబ్బరామన్ చిత్రము వెలువడుటకు ముందే, 1952లో మరణించుటచే మిగిలిన పనిని ఆయన సహాయకులైన విశ్వనాథన్, రామమూర్తి పూర్తి చేసిరి. పాటలు సముద్రాల రాఘవాచార్యుల పేర వెలువడినవి. వాని కర్తృత్వమును గూర్చి మల్లాది రామకృష్ణశాస్త్రిగారి పేరుతో ముడివడిన వాదమొకటి కలదు. అది వేరొక వ్యాసమునకు తగిన విషయము. తమిళ రూపము కూడ అదే యేడు వెలువడి ఆ నాట ఆదరము పొందెను.

ఈ ప్రేక్షకులలో చదువుకొన్నవారు అనేకులు అంతకుముందే శరత్ పాఠకులు. ఈ సంగతిని మఱచినచో చిత్రమునకు లభించిన ఆదరము అర్థము కాదు. చక్రపాణి మొదలగువారి అనువాదముల మూలమున శరచ్చంద్ర చట్టోపాధ్యాయుడు తెలుగు గృహములలో ఎంతగా కలిసిపోయెననగా, ఆయన వంగీయుడన్న మాట పలువురకు జ్ఞప్తికి వచ్చెడిది కాదు. 'దేవదాసు' ఆయన యౌవనమున, సుమారు 1900 ప్రాంతమున వ్రాసిన నవల. దానిని అపరిపక్వ రచనగా భావించి ఆయన ప్రకటించుటకు సంకోచించెను. 1917లో గాని అది పుస్తకరూపమున రాలేదు. రచయిత దాచవలెననుకొన్న పుస్తకమే ఆయన పేరును దేశమంతట మోసికొనిపోవుట సాహిత్యచరిత్రలోని చమత్కారములలో నొకటి. 1928లో మూకీగాను, 1935లో బరువా దర్శకత్వమున వంగభాషలోను, 1936లో సైగల్ నటనతో హిందీలోను ఈ కథ తెరకెక్కియుండెను. కావున 1953లో తెలుగువాడు క్రొత్త కథను చూడబోలేదు. ఎఱిగిన దుఃఖమును మఱల చూడబోయెను.

నవలలో శరత్ దేవదాసును ఎక్కడను సమర్థింపడు. పార్వతి తన అభిమానమును చంపుకొని రాత్రివేళ ఒంటరిగా అతని గదికి వచ్చును. ఆ సాహసమునకు బదులుగా అతడు చేసిన దేమి? పట్నమునకు పోయి, నిన్ను నేను ప్రేమింపలేదను భావము వచ్చునట్లు ఉత్తరము వ్రాయును. తప్పు తెలిసికొని తిరిగి వచ్చుసరికి కాలము మించిపోవును. ఆమె నిరాకరించినపుడు ఆమె నుదుటిపై గాయము చేయును. ఇవన్నియు చెప్పిన పిమ్మట, నవల చివర కథకుడు పాఠకులవైపు తిరిగి, ఇట్టి దురదృష్టవంతుని కొఱకు ఒక ప్రార్థన చేయుడని మాత్రమే అడుగును. అతడు మంచివాడని అనడు. అట్టి చావు ఎవరికిని రాకుండుగాక యని కోరును. ఇది మిక్కిలి జాగరూకమైన అభ్యర్థన. తీర్పును పాఠకునికి విడిచి, కన్నీటిని మాత్రము యాచించుట.

చిత్రమున ఈ త్రాసు ఒకవైపునకు మొగ్గెను. దీనికి కారణము కథామార్పు కాదు, పాట. నవలలో దేవదాసు త్రాగెనని చదువుదుము. ఆ వాక్యమునకు రాగము లేదు. చిత్రమున అతని పతనమంతయు ఘంటసాల కంఠమున పలికెను. త్రాగుడు చూపిన ఘట్టము తత్త్వము చెప్పు ఘట్టముగా మాఱెను. జగత్తు మిథ్య, బ్రతుకు మిథ్య యను భావము తెలుగువానికి వేమన నాటినుండి, అంతకుముందునుండి పరిచితమే. ఊరి భజన మందిరమున విన్న వైరాగ్యము ఇపుడు సీసా చేతబట్టిన యువకుని నోట వినబడెను. వినువాడు ఏది తీసికొనెను? సీసానా, వైరాగ్యమునా? రెంటిని వేఱుచేయుట సాధ్యము కాలేదనియే మా యభిప్రాయము.

మఱియొక సంగతి. పాట చిత్రమునుండి విడివడి తిరుగగలదు. గ్రామఫోను పలకపై, కాఫీ హోటలులో, పెండ్లిపందిరిలోని మైకులో అది కథ లేకయే వినబడును. ఉత్తరము లేదు, నుదుటి గాయము లేదు. దుఃఖము మాత్రమే మిగులును. చిత్రమును ఒకసారి చూచి పాటను వందసార్లు విన్నవాని మనస్సున నిలుచు దేవదాసు, కథలోని దేవదాసు కాడు. అతని అపరాధములు రాలిపోయి వేదన నిలిచినది. ప్రేక్షకుల స్పందనయని మనము వ్యవహరించుదానిలో సగపాలు వాస్తవముగా శ్రోతల స్పందన. చలనచిత్ర చరిత్ర వ్రాయువారు ఈ భేదమును గమనించుట మేలు.

ఆనాటి దేశకాలములను కూడ చూడవలెను. మద్రాసు రాష్ట్రమున మద్యనిషేధము 1937నుండి కొన్ని జిల్లాలలో, చిత్తూరు కడప జిల్లాలలో 1938నుండి ఉండి, 1948నాటికి రాష్ట్రమంతటికి వ్యాపించెను. అనగా ఈ చిత్రము వెలువడిననాడు కోస్తా, రాయలసీమ జిల్లాలలో కల్లుముంత పట్టుట చట్టరీత్యా నేరము. నిజాము పాలననుండి అప్పుడే బయటపడిన హైదరాబాదు రాష్ట్రమున అట్టి సంపూర్ణ నిషేధము లేదు. ఒకే తెలుగు చిత్రమును ఒక ప్రాంతము నిషిద్ధ వస్తువును చూచినట్లును, మఱియొక ప్రాంతము నిత్యము చూచు వస్తువును చూచినట్లును చూచెనన్నమాట. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణత్యాగము చేసిన ఆఱు మాసములకు ఈ చిత్రము వచ్చెను. మఱి మూడు మాసములకు, 1953 అక్టోబరు 1న, ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. ఆ రాష్ట్రపు మొదటి మంత్రివర్గము, ప్రకాశం పంతులుగారి నాయకత్వముననున్నది, 1954 నవంబరులో పడిపోయినది మద్యనిషేధ వివాదముపైననే. చిత్రమునకును ఆ పతనమునకును సంబంధమున్నదని ఎవరును అనజాలరు, మేమును అనుట లేదు. కాని త్రాగుడు ఇంటింట చర్చనీయాంశమై యున్న కాలమున, దానిచే చచ్చిన యువకుని కథ జనులముందు నిలిచెను. నీతివాదుల కోపమునకు ఇది కొంత కారణము. ఆ కోపమున వారు ఒకటి మఱచిరి: చిత్రమున త్రాగుడు సుఖమిచ్చినట్లు ఎక్కడను లేదు.

ఇక భాషకు వత్తము. ఒక పాత్ర పేరు సామాన్యనామముగా మాఱుట అరుదు. పురాణములనుండి అట్టివి చాల వచ్చినవి: హరిశ్చంద్రుడు, కుంభకర్ణుడు, నారదుడు, శకుని. ఆధునిక కాలమున వ్రాయబడిన కథలనుండి వచ్చినవి వ్రేళ్లమీద లెక్కింపదగినవి. గిరీశము ఒకడు, దేవదాసు మఱియొకడు. దేవదాసునకు ఇంకొక విశేషము కలదు: అతడు అన్యభాషలో పుట్టి, తెలుగు తెరపై పెరిగి, తెలుగు నిఘంటువులో చేరదగిన మాటయైనాడు. నవల అనువాదములు ఆ పేరును తెలిపినవి. దానిని సామాన్యనామముగా మార్చినది చిత్రము. ఏలన, ఆ మాటతో వచ్చు రూపము తెరపై రూపమే. మాసిన గడ్డము, భుజముపై శాలువ, చేత సీసా, ప్రక్కన కుక్క. ఈ వేషము వ్యంగ్యచిత్రములలోను పాఠశాల విచిత్ర వేషముల పోటీలలోను నేటికిని కనబడును. ఆ వేషము వేసిన బాలుడు నవల చదివియుండడు. చిత్రమును చూచియుండుటయు నిశ్చయము కాదు.

ఈ మాట వాడుకలో ఏ క్రియతో చేరుచున్నదో గమనింపుడు. గిరీశము పేరుతో 'వేషములు' వచ్చును. ఒకడు గిరీశము వేషములు వేయును. అది బుద్ధిపూర్వకమైన పని. హరిశ్చంద్రుడు పోలికగా వచ్చును, తఱచుగా వ్యతిరేకార్థమున: "వాడొక పెద్ద హరిశ్చంద్రుడు" అనినచో వాడు అబద్ధాలకోరని తాత్పర్యము. దేవదాసునకు మాత్రము 'అగు' ధాతువే తోడు. "వాడు దేవదాసైపోయినాడు", "ఏమిరా, దేవదాసువైతివా?" ఒకడు దేవదాసు వేషము వేయుటకన్న దేవదాసు అగుటయే అధికము. అది స్థితి గాని చేష్ట కాదు. జ్వరమువలె వచ్చును, జ్వరమువలె పోవునని పెద్దల ఆశ. ఈ పలుకుబడిలో జాలి కలదు. దానితో సమానముగా మందలింపు కలదు, ఎగతాళి కలదు. మేనమామ మేనల్లునితో, "దేవదాసువలె ఆ గడ్డమేమిటి? పోయి గీయించుకొని రా" అనునపుడు మూడును ఒక్క వాక్యమున నున్నవి. తన్ను తాను గర్వముగా దేవదాసునని చెప్పుకొనువాడు అరుదు. చెప్పుకొనినను నవ్వుచునే చెప్పుకొనును.

ఆదర్శపురుషుని పేరు ఇట్లు వాడబడునా? రామునివలె ఉండుమని పిల్లలకు చెప్పుదురు. దేవదాసువలె ఉండుమని చెప్పినవారు లేరు. కావున ప్రేక్షకుడు త్రాగుబోతును ఆదర్శముగా నెంచెనను వాదము భాషాసాక్ష్యముచే వీగిపోవుచున్నది. కేవలము ఏడ్చెనను వాదమును వీగిపోవుచున్నది. ఏలన, ఏడ్చినవాడే మఱునాడు నవ్వినాడు. చీకటిలో దేవదాసు కొఱకు కన్నీరు పెట్టి, వెలుగులో తన ఇంటి యువకుని ఆ పేరుతో మందలించుట తెలుగు ప్రేక్షకుని పద్ధతి. శరత్ కోరినది కన్నీరే. ఈ ప్రేక్షకుడు కన్నీటితోపాటు తీర్పును కూడ ఇచ్చెను. ఆ తీర్పు వ్యంగ్యరూపమున నుండుటచే పండితులు దానిని తీర్పుగా గుర్తింపలేదు.

ఐతే ఈ తీర్పున ఒక పెద్ద లోపము కలదు. కథ ముగ్గురిది. పలుకుబడిలో ఒక్కడే మిగిలెను. పార్వతివలె నైనదని ఎవరిని గూర్చియు అనరు. ప్రేమించినవానిని విడిచి, తన యీడు సంతానమున్న వృద్ధ జమీందారు ఇంట గృహిణియై, నోరు మెదపక ఆ ఇంటిని దిద్దిన స్త్రీకి తెలుగున పేరు పెట్టబడలేదు. బహుశః అట్టివారు ఊరూర నుండుటయే కారణమేమో. అరుదైనదానికి పేరు కావలెను. నిత్యము కనబడుదానికి అక్కఱలేదు. దేవదాసు కావలెనన్నను పురుషునకు కొంత ఆస్తి, కొంత తీరిక, తనకొఱకు వగచు సేవకుడు కావలెను. ధర్మదాసు లేని దేవదాసు మూడవ నాటికి ఆకలిచే ఇంటికి వచ్చును.

సావిత్రి నటన ఈ లోపమును చాల వఱకు పూరించెనని చిత్రమును చూచినవారికి తెలియును. దేవదాసు దుఃఖమునకు పాటలు తోడుండగా, పార్వతి ఉత్తరార్ధ దుఃఖము ఎక్కువగా మౌనమున, ముఖమున నడచినది. పాటకు పలక దొరకినది, మౌనమునకు దొరకలేదు. చిత్రశాల బయటకు రాగలిగినది పాటయే.

చంద్రముఖి సంగతి ఇంకను విచిత్రము. ఉత్తమగుణములుగల వేశ్య తెలుగు ప్రేక్షకునికి క్రొత్త కాదు. 1892లో మొదట ప్రదర్శింపబడిన 'కన్యాశుల్కము'లోని మధురవాణిని అతడు ఎఱుగును. కాళ్లకూరి నారాయణరావుగారి 'చింతామణి' ఊరూర ఆడినది. మధురవాణి బుద్ధిబలముచే నాటకమును నడిపించును. చింతామణి వైరాగ్యముచే తరించును. చంద్రముఖి అట్టిది కాదు. తన్ను అసహ్యించుకొన్నవానిని ప్రేమించి, వృత్తిని విడిచి, ప్రతిఫలము కోరక సేవించును. ఆమె ప్రేమకు నవలలో ఎక్కువ గౌరవమే కలదు. మన ప్రేక్షకుడు ఆమెను మెచ్చుకొనెను గాని, మధురవాణిని తలచికొన్నట్లు తలచికొనలేదు. మధురవాణికి మాటలు కలవు, వానిని జనులు తిరిగి చెప్పుకొనిరి. చంద్రముఖికి త్యాగము మాత్రమే కలదు. త్యాగమును తిరిగి చెప్పుట కష్టము. వినోదా సంస్థయే 1955లో 'కన్యాశుల్కము'ను పి. పుల్లయ్య దర్శకత్వమున తీసి, పార్వతిగా నటించిన సావిత్రికే మధురవాణి పాత్ర నిచ్చెను. అదే యేట హిందీలో బిమల్ రాయ్ తీసిన 'దేవదాసు'న చంద్రముఖిగా నటించిన వైజయంతిమాలకు సహాయనటి బహుమానము ప్రకటింపగా, తన పాత్ర కథానాయిక పాత్రతో సమానమని చెప్పి ఆమె దానిని తిరస్కరించెను. త్రికోణమున మూడవ కోణము ఎవరిదను ప్రశ్న నటీమణి అంత స్పష్టముగా లేవనెత్తిన సందర్భములు కొద్ది.

ప్రేక్షకుడు ఏమి కోరెనో తెలిసికొనుటకు తరువాతి చిత్రములును సాక్ష్యములే. 1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన 'మూగమనసులు'లో అదే నాగేశ్వరరావు, అదే సావిత్రి. ఈ జన్మలో కలియలేనివారిని కథకులు మఱుజన్మలో కలిపిరి. 'దేవదాసు'లో మూసిన తలుపును జన్మాంతరము తెఱచినదన్నమాట. ఆ చిత్రమున జమున ధరించిన గౌరి పాత్ర, అనగా ప్రేమ లభింపని రెండవ స్త్రీ, చంద్రముఖివలె గాక జనుల నోళ్ల నానెను; గౌరికి నోరుండుటయే అందుకు కారణమని మా ఊహ. 1971 నాటి 'ప్రేమనగర్'లో త్రాగుడు మరగిన నాయకుడు చివరకు బ్రతుకును. 1978లో దాసరి నారాయణరావు తీసిన చిత్రమునకు పేరే 'దేవదాసు మళ్ళీ పుట్టాడు'. 1981 నాటి 'ప్రేమాభిషేకము'న నాయకునికి ప్రాణాంతకమైన రోగము కలదు. ప్రియురాలు తన్ను మఱచి సుఖపడవలెనని అతడు చెడినట్లు నటించును. ఇచట వేశ్యయు కలదు, పతనమును కలదు. అపరాధము మాత్రము లేదు. ఈ మార్పు సామాన్యము కాదు. 1953లో దేవదాసు తన పిఱికితనముచే చెడెను. ఇరువది ఎనిమిదేండ్లకు అతనికి రోగమను సాకు దొరికెను. పాట విన్న శ్రోత మనస్సున ఏ అపరాధములు రాలిపోయెనో, అవి ఇపుడు కథనుండియే తొలగినవి. మా దృష్టిలో ఇది కథకు లాభము కాదు. తప్పు లేనివాని దుఃఖమును చూచి ఏడ్చుట సులభము.

1974లో కృష్ణ నాయకుడుగా, విజయనిర్మల దర్శకత్వమున, రంగులలో మఱియొక 'దేవదాసు' వెలువడెను. ఆ సమయముననే పాత చిత్రమును మఱల విడుదల చేయగా, జనులు నలుపు తెలుపుల పాతదానివైపే మొగ్గిరి. రంగులు లేకపోవుట లోటుగా తోపలేదు. అప్పటికి ఆ పాటలు ఇరువది ఏండ్లుగా చెవులలో నుండుటచే, క్రొత్త దేవదాసు తన గొంతుతో గాక పాతవాని గొంతుతో పోటీ పడవలసి వచ్చినది.

నటుని గూర్చిన ఒక ముచ్చట ఇచట అప్రస్తుతము కాదు. నాగేశ్వరరావు నిజముగా త్రాగియే నటించెనని నమ్మినవారు చాలమంది. ఆయన పిమ్మట పలుమార్లు చెప్పినదేమనగా, రాత్రివేళ కడుపునిండ పెరుగన్నము తిని చిత్రీకరణమునకు నిలిచినందున కన్నులు వాలి ఆ మత్తు వచ్చినదని. పెరుగన్నము నిద్రకు తోడని తెలియని తెలుగువాడు లేడు. ఐనను ఆ వివరణము విన్న పిమ్మటగూడ పలువురు పాత నమ్మకమునే ఇష్టపడిరి. తాము కార్చిన కన్నీటికి కారణము పెరుగన్నమని ఒప్పుకొనుట ఎవరికైనను కష్టమే.

నవలలో పార్వతియు చంద్రముఖియు ఎన్నడును కలియరు. 1955 నాటి హిందీ చిత్రమున బిమల్ రాయ్ వారిని ఒక బాటపై ఎదురుపఱచి, మాటలేకయే దాటించెను. 2002లో భన్సాలీ వారిద్దఱిచే కలిసి నృత్యము చేయించెను. నవల చదివినవారు దానిని ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ న్యాయమే. కాని ఆ ఇరువురు కలిసికొనవలెనను కోరిక దర్శకుని మనస్సున మాత్రమే పుట్టినది కాదు. ఒక పురుషునికొఱకు దగ్ధమైన ఇద్దఱు స్త్రీలు ఒకరితో నొకరు ఏమి చెప్పుకొందురోయని తలపోసిన ప్రేక్షకురాండ్రు అంతకుముందును ఉండియుందురు. వారి తలపు పలుకుబడిగా మాఱలేదు. మాఱియున్నచో మన భాషలో దేవదాసు ప్రక్కన ఇంకొక రెండు నామములు నిలిచియుండెడివి.

నేటి విద్యార్థితో చంద్రముఖియన్నచో, 2005లో తమిళమున వెలువడి తెలుగునకు అనువదింపబడిన చిత్రములోని, పగదీర్చుకొనుటకు తిరిగివచ్చిన నర్తకియే అతనికి స్ఫురించుచున్నది. శరత్ సృష్టించిన చంద్రముఖిని గుర్తుచేయవలెనన్నచో 'దేవదాసులోని చంద్రముఖి' అని చెప్పవలసియున్నది.